పాలమూరు, నల్గొండ పల్లెల మీద పరిశోధన: ఏ లెక్కను ఎంచుకోవాలి?

పీజీ ప్రాజెక్టుకో పీహెచ్‌డీకో అంశం వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చే విద్యార్థులు శీర్షిక ముందే రాసుకుని వస్తారు. ‘పాలమూరు వలసలు, మహిళల ఆరోగ్యం’, ‘నల్గొండ జిల్లాలో బాల్యవివాహాలు’, ‘దేవరకొండ తండాల్లో వృద్ధుల స్థితిగతులు’. అన్నీ మంచి అంశాలే. మరి లెక్కలు ఎక్కడివి అని అడిగితేనే చిక్కు మొదలవుతుంది. ఒకరు జనగణన అంటారు. ఇంకొకరు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంటారు. మేమే ఊళ్లోకి వెళ్లి అడుగుతాం అంటారు మరొకరు. అదే ఎందుకు అంటే మాత్రం జవాబు ఉండదు. కిందటేడు సీనియర్ ఆ లెక్కలే వాడాడు, అంతే.

ఈ దారులను పోల్చడానికి నేను పెట్టుకున్న గీటురాయి ఒక్కటే. ఆ లెక్క రాసేవాళ్లు తలుపు తట్టిన రోజు ఇంట్లో ఎవరున్నారు? సగం ఊరు ఇళ్లకు తాళాలు వేసి పుణె, ముంబై, భివండీలకో హైదరాబాద్ కూలీ అడ్డాలకో వెళ్లిపోయే ప్రాంతం మనది. ఇక్కడ ఈ ప్రశ్న వేసుకోకుండా ఏ పట్టిక చదివినా ఊళ్లో మిగిలిన ముసలివాళ్లను, పిల్లలను చూసి అదే ఊరు అనుకునే ప్రమాదం ఉంది.

జనగణన

ఊరి స్థాయి అంకె కావాలంటే జనగణనను మించినది లేదు. 2011లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జనాభా 40.53 లక్షలు, ఉమ్మడి నల్గొండ జనాభా 34.89 లక్షలు. అక్షరాస్యత పాలమూరులో 55 శాతం, నల్గొండలో 64 శాతం. ఈ జిల్లా అంకెలు అందరూ రాసేవే. అసలు సంపద వాటి కింద ఉంది. ప్రతి రెవెన్యూ గ్రామంలో ఆడవాళ్లు ఎందరు, మగవాళ్లు ఎందరు, ఆరేళ్ల లోపు పిల్లలు ఎందరు, ఎస్సీ, ఎస్టీలు ఎందరు, ఏడాదిలో ఆరు నెలల పని కూడా దొరకనివారు ఎందరు అనే వివరాలన్నీ ఉచితంగా దించుకోవచ్చు.

గ్రామ స్థాయి అంకెలతో ఇంకో గొప్ప సౌకర్యం ఉంది. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు విడిపోయాయి. షాద్‌నగర్ రంగారెడ్డిలోకి, కొడంగల్ వికారాబాద్‌లోకి వెళ్లాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట ఏర్పడింది. ఉమ్మడి నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. గ్రామాల అంకెలు చేతిలో ఉంటే, ఈ కొత్త జిల్లాలకు 2011లో జనాభా ఎంతో మీరే తిరిగి పేర్చుకోగలరు. ఓపిక కావాలి, నాలుగైదు రోజులు పడుతుంది. ఇంకే సర్వే ఈ వీలు ఇవ్వదు.

ఇక లోపం. 2011 జనగణనలో ఇంటింటి లెక్క ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. ఆ రోజుల్లో మన పల్లెలు ఎలా ఉంటాయో గుర్తు చేసుకోండి. వానాకాలం పంట ఇంటికి చేరి, దసరా, దీపావళి పండగలు అయ్యాక కూలీలను పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీల వెంట బయలుదేరిన కుటుంబాలు ఉగాదికి గానీ, మృగశిర వానలకు గానీ తిరిగి రావు. అంటే వలస నిండుగా సాగే నెలలోనే జనాన్ని లెక్కించారు. ఆ ఇరవై రోజులూ ఊళ్లో లేనివారు, పద్ధతి ప్రకారం, ఉన్న చోటే లెక్కలోకి రావాలి. పుణె శివారులో కట్టుబడి పని చేస్తూ రేకుల గుడిసెలో ఉన్న కుటుంబం దగ్గరికి అక్కడి గణకుడు వెళ్లి ఉంటాడా అన్నది వేరే ప్రశ్న. కాబట్టి ఒక మండలంలో మగవారి సంఖ్య తగ్గినట్టు కనబడితే అది జనాభా మార్పో, ఫిబ్రవరి నెల ప్రభావమో తేల్చకుండా వ్యాఖ్య రాయకండి. వచ్చే జనగణనకు 2027 మార్చి 1 ఆధార తేదీ అని కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. మన దగ్గర అది కూడా వలస కాలమే.

దీనికి సరిగ్గా తిరగబడిన ఉదాహరణ 2014 ఆగస్టు 19 నాటి సమగ్ర కుటుంబ సర్వే. ఒక్కరోజులో రాష్ట్రమంతా లెక్కించారు. పేరు లేకపోతే పథకాలు అందవేమోనన్న భయంతో ఎక్కడెక్కడి వారో బస్సులు, రైళ్లు పట్టుకుని సొంతూళ్లకు చేరారు. తాళం వేసిన ఇళ్లు ఆ ఒక్కరోజు తెరుచుకున్నాయి. ఒకే ఊరికి 2011 ఫిబ్రవరిలో ఒక జనాభా, 2014 ఆగస్టులో ఇంకో జనాభా ఉన్నాయంటే రెండూ తప్పు కానక్కరలేదు.

కుటుంబ ఆరోగ్య సర్వే

ఆరోగ్యం, పెళ్లి వయసు, కాన్పులు, పోషణ మీద పని చేసేవారు మొదట చూడాల్సింది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ కోసం ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ దీన్ని నడుపుతుంది. ఐదో విడత తెలంగాణలో 2019 జూన్ 30 నుంచి నవంబర్ 14 వరకు జరిగింది. 27,351 ఇళ్లు, 27,518 మంది మహిళలు, 3,863 మంది పురుషులు. తేదీలు చూశారా? వానాకాలం సేద్యానికి జనం ఊళ్లో ఉండే కాలం అది. నా గీటురాయి మీద ఈ సర్వే జనగణన కంటే మెరుగ్గా నిలుస్తుంది.

రాష్ట్ర స్థాయిలో ఇది చెప్పిన విషయాలు బలమైనవి. 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత. కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్ కోతలు. 20–24 ఏళ్ల మహిళల్లో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లి. ఈ అంకెలను ధైర్యంగా వాడండి.

జిల్లా స్థాయికి దిగినప్పుడు చేయి జాగ్రత్త. ఇక్కడే ఎక్కువ మంది పరిశోధన పత్రాలు దెబ్బతింటున్నాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మొదటి తప్పు జిల్లా పేరు చూసి మోసపోవడం. నాలుగో విడత 2015–16లో జరిగింది. అందులో ‘మహబూబ్‌నగర్’ అంటే గద్వాల, అచ్చంపేట, కొడంగల్, షాద్‌నగర్ అన్నీ కలిసిన పాత జిల్లా. ఐదో విడత 2017 మార్చి నాటి సరిహద్దులను తీసుకుంది. తెలంగాణకు 31 జిల్లాలు. అందులో ‘మహబూబ్‌నగర్’ అంటే మిగిలిన చిన్న ముక్క, ఇప్పటి నారాయణపేట ప్రాంతం దానిలోనే ఉంది. పేరు ఒక్కటే, నేల వేరు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ‘మహబూబ్‌నగర్‌లో నాలుగేళ్లలో ఇంత మార్పు’ అని రాసిన పత్రాలు నేను మూల్యాంకనంలో చూశాను. విద్యార్థి రెండేళ్ల శ్రమ పోతుందే అని బాధ కలిగింది. పోల్చక తప్పదంటే పాత జిల్లా నుంచి వచ్చిన కొత్త జిల్లాలను విడి రికార్డుల (ఒక్కొక్కరి జవాబులు వేరువేరుగా ఉన్న ఫైళ్ల) నుంచి కలిపి లెక్కించండి. అప్పుడు కూడా రంగారెడ్డికి, వికారాబాద్‌కు వెళ్లిన మండలాలు జారిపోతాయని పత్రంలో రాయండి.

రెండో తప్పు నమూనా పరిమాణం మరచిపోవడం. 27,518 మందిని 31 జిల్లాలకు పంచితే జిల్లాకు దాదాపు 890 మంది. వారిలో 20–24 ఏళ్లవారు, ఉదారంగా లెక్కేసినా, నూట యాభై చుట్టుపక్కల ఉంటారు. ఆ నూట యాభైలో 25 శాతానికి బాల్యవివాహం అయిందని తేలితే, అసలు విలువ 18 నుంచి 32 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. నమూనాను గుంపులు గుంపులుగా తీస్తారు కాబట్టి ఈ వెడల్పు ఇంకా పెరుగుతుంది. అంటే నాగర్‌కర్నూల్‌లో 27, వనపర్తిలో 23 అన్నట్టు రెండు అంకెలు కనబడితే, నాగర్‌కర్నూల్ వెనుకబడిందని తీర్పు ఇవ్వడానికి ఆ తేడా చాలదు. (ఈ 27, 23 నేను ఉదాహరణకు వేసుకున్న అంకెలు.) జిల్లా పత్రాల్లో కొన్ని అంకెలు బ్రాకెట్లలో ఉంటాయి. అవి 25 నుంచి 49 మంది మీద ఆధారపడినవి. నక్షత్రం గుర్తు పెట్టి అంకె ఇవ్వలేదంటే 25 మంది కూడా లేరని. టైపు చేసేటప్పుడు ఆ బ్రాకెట్లు తీసేసి అంకెను మామూలుగా రాసేసేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

ఇక మండలం, తండా స్థాయి అంకె ఈ సర్వేలో దొరకదు. ‘దేవరకొండ తండాల్లో రక్తహీనత’ మీ అంశమైతే ఈ సర్వే మీకు నేపథ్యమే, ఆధారం కాదు.

నమూనా నమోదు పద్ధతి గురించి రెండు మాటలు. రాష్ట్ర స్థాయి జనన, మరణ రేట్లకు అది ముఖ్యం, జిల్లాలకు పనికిరాదు. తెలంగాణ సంతాన సాఫల్య రేటు (ఒక మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య) 2020కి 1.5 అని అది చెప్పింది, కుటుంబ ఆరోగ్య సర్వే 1.8 అంది. ఏది నిజమని అడుగుతారు. మొదటిది ఎంచిన గ్రామాల్లో, వార్డుల్లో పుట్టుకలను ఏడాది పొడవునా నమోదు చేస్తూ పోతుంది, రెండోది తల్లినే కూర్చోబెట్టి పుట్టిన పిల్లల వివరాలు అడుగుతుంది. పద్ధతులు వేరు కాబట్టి ఏదో ఒకటి ఎంచుకుని పత్రం చివరిదాకా దానితోనే ఉండండి. జనాభా నిలకడగా ఉండటానికి కావాల్సిన 2.1 కంటే రెండూ తక్కువే.

దవాఖానా రికార్డులు, పంచాయతీ నమోదు

ఉపకేంద్రంలో పనిచేసే ఆరోగ్య కార్యకర్త, అంటే ఏఎన్ఎం, రాసే రిజిస్టరు మీద నాకు గౌరవం ఉంది. ఏ సర్వేకూ తెలియని సంగతులు అందులో ఉంటాయి. ఒక ఉపకేంద్రంలో చూసిన పేజీ ఇప్పటికీ గుర్తుంది. గర్భిణి పేరు, నెల, రక్తం ఎంత, టీకా తేదీ అన్నీ వరుసగా ఉన్నాయి. ఆరో నెల తర్వాత గళ్లన్నీ ఖాళీ. అంచున ఎర్ర సిరాతో ఒకే మాట, ‘బొంబాయి’. ఆ పేజీలో అలాంటివి ఇంకో నాలుగు పేర్లు. వలస, మాతృ ఆరోగ్యం అనే అంశానికి అంతకంటే సూటి ఆధారం నేను చూడలేదు. ఉన్నత అధికారుల అనుమతి తీసుకుని, పేర్లు రాసుకోకుండా, పది ఉపకేంద్రాల రిజిస్టర్లలో ‘మధ్యలో ఆగిన’ వరుసలను లెక్కించండి. ఒకప్పటి ఎంఫిల్ స్థాయి మంచి పని అవుతుంది.

జనన మరణ నమోదు మాత్రం మన సరిహద్దు మండలాలకు చిక్కు తెస్తుంది. 1969 చట్టం ప్రకారం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. అలంపూర్ వైపు వారు కాన్పుకు కర్నూలు వెళితే ఆ పుట్టుక ఆంధ్రప్రదేశ్‌లో, కృష్ణా మండలం వారు రాయచూరు వెళితే కర్ణాటకలో నమోదవుతుంది. పని చోట కూలి చనిపోతే ఆ మరణం ఆ నగరం లెక్కలోకి వెళుతుంది. ఈ నమోదు పుస్తకాలతో గద్వాల జిల్లా జనన రేటు కట్టాలని చూడకండి.

దీర్ఘకాల అధ్యయనాలు: మన విద్యార్థులు తలుపు తట్టని ఇల్లు

మార్పు మీద పరిశోధన అంటే ఒకే ఇంటిని మళ్లీ మళ్లీ చూడాలి. ఆ పని మన నేల మీద జరిగింది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మూడు జిల్లాల్లో ఆరు గ్రామాలను ఎంచుకుని ఇంటింటి అధ్యయనం మొదలుపెట్టింది. వాటిలో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి, అవురుపల్లి, డోకూర్. తొలి విడత పదేళ్లు సాగింది, 2001 నుంచి మళ్లీ మొదలైంది. పంట, అప్పు, కూలి, పశువులు, తిండి, వలస అన్నీ అవే ఇళ్ల నుంచి అడిగి రాశారు. తాతతో మొదలైన ఇంటి కథ మనవడి దాకా అంకెల్లో దొరికే చోటు దేశంలో ఎన్ని ఉన్నాయి?

రెండోది యంగ్ లైవ్స్. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిస్తున్న ఈ అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లలతో మొదలైంది. 2001–02లో పుట్టినవారు రెండు వేలు, 1994–95లో పుట్టినవారు వెయ్యి. ఎంచుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. చిన్నప్పటి తిండి, బడి, పని, పెళ్లి, ఇప్పుడు వారికి పుట్టిన పిల్లలు. ‘బాల్యంలో కరువు చూసిన ఆడపిల్లకు పెళ్లి త్వరగా అయిందా?’ లాంటి ప్రశ్నకు ఒక్కసారి చేసే ఏ సర్వే జవాబు ఇవ్వలేదు. ఇది ఇవ్వగలదు. రికార్డులు పరిశోధకులకు ఉచితమే, నమోదు చేసుకుంటే చాలు. ఊళ్ల పేర్లు దాచి ఉంటాయి కాబట్టి మీ మండలంతో ముడిపెట్టలేరు.

గణాంక సాఫ్ట్‌వేర్ మీద పట్టు లేకపోతే ఈ రికార్డులు బరువే. పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో, నల్గొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం 2007లో ఏర్పడ్డాయి. రెండూ ఇంకా వయసులో చిన్నవి. పరిశోధనకు ఇక్కడే నమోదై, ఊరికి దగ్గరగా ఉండి, గణాంకాల కోసం హైదరాబాద్‌లోని ఆర్థిక సామాజిక అధ్యయనాల కేంద్రంలోనో పోషకాహారం విషయమైతే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలోనో సహ మార్గదర్శిని వెతుక్కోవడం మంచిదని నా అభిప్రాయం. పేరున్న నగరం చూసి ఊరికి దూరమైతే క్షేత్ర పనికి ఏడాదిలో రెండు వారాలే మిగులుతాయి.

సొంత సర్వే ఎప్పుడు?

ఎవరూ అడగని ప్రశ్న మీకు ఉన్నప్పుడు. నల్గొండ ఫ్లోరైడ్ అందుకు తగిన ఉదాహరణ. పటిక, సున్నంతో నీటి నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి లోకమంతటా ‘నల్గొండ పద్ధతి’ అనే పేరు స్థిరపడింది. అంత పేరున్న బాధను కుటుంబ ఆరోగ్య సర్వే అడగదు, జనగణనా అడగదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు పరిశోధించాలంటే మీరే వెళ్లాలి. ఇక్కడ కాలమే ఒక సదుపాయం కల్పించింది. పంటి మీద ఫ్లోరైడ్ మరక చిన్న వయసులో, దంతం లోపల తయారయ్యేటప్పుడే పడుతుంది. మిషన్ భగీరథ నీళ్లు రాకముందు పుట్టినవారు, వచ్చాక పుట్టినవారు ఒకే ఊళ్లో, ఒకే బడిలో ఉన్నారు. బోరు నీళ్లు తాగి పెరిగినవారి పళ్లను, చిన్నప్పటి నుంచి నల్లా నీళ్లు తాగినవారి పళ్లను పోలిస్తే ఇరవై ఏళ్లు ఆగకుండానే మార్పు తెలుస్తుంది. ఏ ఇంట్లో నిజంగా ఏ నీళ్లు తాగుతున్నారో మాత్రం బిందె దగ్గరికి వెళ్లి చూడండి. నల్లా ఉన్నంత మాత్రాన అవే తాగుతున్నారని కాదు.

శ్రమ లెక్క కూడా చెప్పుకోవాలి. ఒక నిష్పత్తిని ఐదు శాతం అటూఇటూగా పట్టుకోవాలంటే సాధారణ నమూనాకు 384 మంది కావాలి. ఊళ్లు ఎంచుకుని గుంపులుగా తీస్తే దానికి రెట్టింపు వేసుకోండి. నా అనుభవంలో ఒక మనిషి రోజుకు ఆరేడు ఇళ్లకంటే ఎక్కువ సరిగా చేయలేరు. ఒంటరి పీజీ విద్యార్థికి ఇది భారం. అలాంటప్పుడు నమూనా తగ్గించి, ఆ కొద్దిమంది మీద శాతాలు ప్రకటించే బదులు, ఇరవై ముప్పై మందితో లోతుగా మాట్లాడి మాటలనే ఆధారం చేసుకోవడం ఎంతో మేలు. ముఖ్యంగా వృద్ధుల విషయంలో.

వయసు అడగడం ఎంత కష్టమో ఊళ్లోకి వెళితే గానీ తెలియదు. దేవరకొండ వైపు ఒక ఊళ్లో ఒక అవ్వ తన వయసు అరవై అంది. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1. ఈ ప్రాంతంలో జనవరి 1న పుట్టినవారు ఎందరో! పిల్లల గురించి మాట్లాడుతూ, “సాగర్ కట్టకు మట్టి మోసినప్పుడు నా పెద్దకొడుకు చంకలో ఉన్నాడు బిడ్డా” అంది. సాగర్‌కు శంకుస్థాపన 1955 డిసెంబర్ 10న, కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. అప్పటికే చంకలో బిడ్డ ఉన్న మనిషికి మేం మాట్లాడిన 2018లో అరవై ఎలా అవుతుంది? డెబ్బైకి దగ్గరగానైనా ఉండాలి. అప్పటి నుంచి నేను ప్రశ్నావళికి స్థానిక కాలపట్టిక జతచేస్తున్నాను. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య, సాగర్ కట్ట, 1969 ఉద్యమం, 1972 కరువు, 2009 అక్టోబర్ వరద. మీ మండలానికి తగినవి మీరు చేర్చుకోండి.

బాల్యవివాహాల మీద పని చేసేవారికి ఒక హెచ్చరిక. పద్దెనిమిది నిండని వివాహితను సూటిగా అడిగితే, ఆమె జవాబు పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నిరోధక) చట్టం కింద మీ మీద సమాచారం ఇచ్చే బాధ్యత పెట్టవచ్చు, ఆమె కుటుంబాన్ని చిక్కుల్లో వేయవచ్చు. మీ సంస్థ నైతిక సంఘంతో (ఎథిక్స్ కమిటీతో) ముందే మాట్లాడండి. 20–24 ఏళ్లవారిని వారి గతం గురించి అడగడం మెరుగైన దారి, మీ అంకె కుటుంబ ఆరోగ్య సర్వేతో పోల్చడానికీ వీలవుతుంది.

క్షేత్ర పనికి తేదీలు పెట్టుకునేటప్పుడు రెండు విడతలు ఉంచండి. ఒకటి ఆగస్టు, సెప్టెంబర్‌లో, ఇంకొకటి ఫిబ్రవరిలో, అవే ఇళ్లకు. రెండో విడతలో తాళం కనబడితే ఆ ఇంటిని జాబితాలోంచి కొట్టేసి పక్కింటిని తీసుకోకండి. తాళం వేసిన ఇల్లు అని రాసి, ఎవరు వెళ్లారు, పిల్లలను ఎవరి దగ్గర వదిలారు, బయలుదేరే ముందు మేస్త్రీ ఎంత అడ్వాన్సు ఇచ్చాడు, ఎప్పుడు వస్తామన్నారు అని అరుగు మీద కూర్చున్న పెద్దవారిని అడిగి రాసుకోండి. ఉగాది దాటాక మళ్లీ వెళ్లి, ఆ తాళం తీసినవారినే అడగండి.